దేవుడు చెప్పింది తెలిసీ కాలు కదలడం లేదా? యోనాతో ఐదు సాయంత్రాలు కూర్చోండి

ఆదివారం ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకుంటూ ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. "అక్కా, దేవుడు నన్ను ఏం చేయమంటున్నాడో నాకు తెలుసు. చేయలేకపోతున్నాను. ఏం చేయాలి?" ఒడిశాలో మా ఊరు గుణుపురంలో అడిగారు. పర్లాకిమిడి స్త్రీల కూటానికి వెళ్తే అక్కడా అడిగారు. బరంపురం నుంచి, జయపురం నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా చెబుతున్నదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నేను పాస్టర్‌ని కాను, సండే స్కూల్‌లో పాఠం చెప్పేదాన్ని. యోనా కథ నాకు కంఠతా వచ్చనుకునేదాన్ని. నీనెవె పట్టణానికి వెళ్లి హెచ్చరించమని దేవుడు పంపితే, తర్షీషు అనే దూరపు చోటికి ఓడెక్కి పారిపోయి, దారిలో తుపాను వస్తే సముద్రంలో పడి, పెద్ద చేప కడుపులోకి చేరిన ప్రవక్త యోనా. పిల్లలకు చేప బొమ్మ గీసి రంగులు వేయించేదాన్ని. నలభై దాటాక ఒకరోజు ఆ నాలుగు అధ్యాయాలూ మళ్లీ చదువుతుంటే, యోనా ఎక్కిన ఓడలోనే నేనూ ఉన్నానని అర్థమైంది. కింద రాసినవన్నీ ముందు నేను చేసి చూసినవే.

ఇది ఎవరికి, ఎవరికి కాదు

చేయాల్సింది ఏమిటో తెలిసి, చేయకుండా తప్పించుకుంటున్నవారికి ఇది పనికొస్తుంది. క్షమాపణ అడగాలి, అప్పు తీర్చాలి, అబద్ధం ఒప్పుకోవాలి, ఊళ్లో వదిలేసిన తల్లిదండ్రుల్ని చూసుకోవాలి. ఇలాంటివి వాక్యంలో స్పష్టంగానే ఉన్నాయి, కొత్తగా దర్శనం రావాల్సిన పనిలేదు. విశాఖలో ఉద్యోగం తీసుకోవాలా, రాయగడలోనే ఉండాలా అనే ప్రశ్నకు మాత్రం ఇందులో జవాబు దొరకదు.

ఒక జాగ్రత్త. "దేవుడు నాతో చెప్పాడు, నువ్వు ఇంత ఇవ్వాలి" అనో "ఫలానా వాళ్లను పెళ్లి చేసుకోవాలి" అనో వేరేవాళ్లు మీ మీద పెట్టేది మీ నీనెవె కాదు. యోనాకు వాక్కు నేరుగా వచ్చింది. తప్పించుకున్నా ఎక్కడికి పంపారన్న విషయంలో అతనికి అనుమానమే లేదు.

కావాల్సినవి

- బైబిల్. యోనా గ్రంథం మొత్తం కలిపి 48 వచనాలే.
- ఒక నోటుపుస్తకం, పెన్ను. ఫోన్‌లో రాస్తే మధ్యలో మెసేజ్ వస్తుంది, మనసు అటు పోతుంది.
- ఐదు సాయంత్రాలు, రోజుకు అరగంట.
- "చేశావా?" అని మొహమాటం లేకుండా అడిగే మనిషి ఒకరు. భర్త గాని, అక్క గాని, సంఘంలో నమ్మకమైన పెద్దామె గాని ఫర్వాలేదు. నోట్లో మాట బయటికి పోనివ్వని మనిషై ఉండాలి, అంతే.

మన వైపు చాలా ఇళ్లలో పిల్లలు ఒడియా మీడియంలో చదువుతారు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. వాళ్లను ఒడియా బైబిల్‌లోనే చదవనివ్వండి, మీరు తెలుగులో చదివి వినిపించండి. రెండు భాషల్లో వింటే ఇంకా బాగా పడుతుంది, మా ఇంట్లో అలాగే జరిగింది. చదువు రానివారికి ఎవరైనా పైకి చదివి పెడితే చాలు.

ఉపవాసం తప్పనిసరి కాదు. వ్యాఖ్యాన గ్రంథాలు ఇప్పుడే తెరవకండి.

1. మొత్తం ఒకే బిగిన, పైకి చదవండి

పావుగంట పడుతుంది. చేప దగ్గర ఆగిపోవద్దు. 48 వచనాల్లో చేప మాట మూడు చోట్లే వస్తుంది. మనం మాత్రం అంత పెద్ద చేప ఉంటుందా, లోపల ఊపిరి ఎలా ఆడింది అని దాని చుట్టూనే తిరుగుతాం. అలా తిరిగినంతసేపూ మన సంగతి ఎత్తాల్సిన అవసరం రాదు.

చదివేటప్పుడు ఒక్కటి గమనించండి. ఈ పుస్తకంలో గాలి మాట వింటుంది, చేప వింటుంది, సొరచెట్టు వింటుంది, పురుగు కూడా వింటుంది. పరదేశులైన ఓడవాళ్లు దేవునికి భయపడతారు. నీనెవె రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చుంటాడు. మాట విననిది ప్రవక్త ఒక్కడే.

2. మీ నీనెవెను ఒక్క వాక్యంలో రాయండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "నేను ఇంకా ప్రేమగా ఉండాలి", "ప్రార్థనా జీవితం పెంచుకోవాలి" అని రాస్తారు. అవి నీనెవెలు కావు. దేవుడు యోనాను మంచివాడివి కమ్మని పంపలేదు. లేచి ఫలానా ఊరు పోయి ఫలానా మాట చెప్పమన్నాడు. మీ వాక్యంలో కూడా ఒక మనిషి, ఒక చోటు, ఒక పని ఉండాలి.

నాది చెబుతాను. మా అత్తయ్య పోయాక ఆవిడ రెండు తులాల గొలుసు నా దగ్గర ఉండిపోయింది. "నాకే ఇచ్చారు" అన్నాను. ఇచ్చింది ఇద్దరికీ కలిపి, కూతుళ్లకు పంచుకోమని. ఆ మాట నేను, అత్తయ్య తప్ప ఎవరూ వినలేదు. రాయగడలో ఉండే మా తోడికోడలు అక్క అప్పటి నుంచి మాట్లాడటం మానేసింది. మూడేళ్లు గడిచాయి. నా నోటుపుస్తకంలో వాక్యం ఇది: "రాయగడ వెళ్లి, అక్క ముందు అబద్ధం ఒప్పుకుని, గొలుసు చేతిలో పెట్టాలి."

రాస్తుంటే చెయ్యి వణికితే సరైనదే రాస్తున్నారన్నమాట. రెండు మూడు తోస్తే అన్నీ రాసి, ఏది రాయడానికి అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డారో దానికి గీత గీయండి. మొదట దాంతోనే మొదలు.

3. మీ తర్షీషు ఎక్కడుందో వెతకండి

నీనెవె ఈశాన్యంగా, నేల దారి. ఇప్పటి ఇరాక్‌లో మోసుల్ నగరానికి ఎదురుగా, టైగ్రిస్ నది అవతలి ఒడ్డున దాని శిథిలాలు ఉన్నాయి. యోనా యొప్పే రేవుకు పోయి పడమటికి పోయే ఓడ ఎక్కాడు. మా గుణుపురం స్టేషన్‌లో నిలబడితే నాకు ఇదే గుర్తొస్తుంది. పట్టాలు మా ఊళ్లో అయిపోతాయి, రైలు వెనక్కి నౌపడ వైపే పోతుంది. రాయగడకు బస్సెక్కాల్సిన నేను ఆ మూడేళ్లలో ఎన్నిసార్లు విశాఖ రైలెక్కానో లెక్కలేదు. ప్రతిసారీ ఏదో పని ఉండేది.

మీది ఊరే కానక్కర్లేదు. నా అసలు తర్షీషు విశాఖ కూడా కాదు, సంఘంలో సేవ. సెలవుల్లో పిల్లల బైబిల్ తరగతులు, క్రిస్మస్ పాటల సాధన, ఎవరింట్లో ప్రార్థన ఉన్నా ముందు నేనే. "ఇంత చేస్తున్నాను కదా" అనే ఊరట ఒకటి. చేయమన్నది చేయకుండా, చేయమనని వంద పనులు చేస్తే ఎవరూ మనల్ని అడగరు. ఈ తర్షీషును పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే చూసేవాళ్లు మెచ్చుకుంటారు.

రెండు పొరపాట్లు ఇక్కడ చూసుకోండి.

మొదటిది, దారి తెరుచుకుంది కాబట్టి దేవుని చిత్తమే అనుకోవడం. యోనా రేవుకు వెళ్లేసరికి ఓడ సిద్ధంగా ఉంది. సీటు దొరికింది, డబ్బూ ఉంది. అన్నీ కుదిరినా అది పారిపోయే ఓడే.

రెండోది, మనశ్శాంతిని గుర్తుగా తీసుకోవడం. "నాకు లోపల నెమ్మదిగానే ఉంది, కాబట్టి తప్పేం లేదు" అంటారు. తుపానులో ఓడ బద్దలయ్యేలా ఉంటే యోనా కింద గాఢనిద్రలో ఉన్నాడు. ఓడ నాయకుడు వచ్చి "ఓయీ నిద్రబోతా" అని లేపాల్సి వచ్చింది. తప్పించుకుంటున్న మనిషికి కూడా నిద్ర పడుతుంది.

ఇప్పుడు కేవు లెక్క రాయండి. పాత తెలుగు బైబిల్లో యోనా ప్రయాణానికి "కేవు ఇచ్చి" ఓడ ఎక్కాడని ఉంది. కేవు అంటే ఓడ చార్జీ. పారిపోవడానికి డబ్బు పెట్టుకున్నది అతనే. మీరు పెడుతున్నదేమిటో పేజీకి ఎడమవైపు వరుసగా రాయండి: వెళ్లని పెళ్లిళ్లు, ఫలానా వీధి తప్పించి తిరిగే దారి, ఎత్తని ఫోన్లు, మార్చి చెప్పిన మాటలు. నాది ఒక పేజీ నిండింది.

4. మీ ఓడలో ఇంకా ఎవరున్నారో రాయండి

ఓడవాళ్లు ఏ తప్పూ చేయలేదు. సరుకు సముద్రంలో పారేసుకున్నారు. గోపాలపురం తీరంలో చేపలవేటకు పోయే మనవాళ్లను అడగండి, పడవలో ఉన్నది పారేయడమంటే ఏమిటో చెబుతారు. యోనా తన తప్పు చెప్పాక కూడా వాళ్లు వెంటనే అతన్ని నీళ్లలో వేయలేదు, ఒడ్డుకు చేర్చాలని తెడ్లు వేస్తూనే ఉన్నారు. నాకు ఈ పుస్తకంలో బాగా నచ్చిన మనుషులు వాళ్లు.

మీ అవిధేయత వల్ల ఎవరు ఏం పోగొట్టుకుంటున్నారో పేరుతో సహా రాయండి. మా పిల్లలకు మూడేళ్లుగా పెదనాన్న ఇల్లు లేదు. పక్కపక్కన పెరిగినవాళ్లు పండక్కి ఒకరి ఇంటికి ఒకరు వెళ్లలేదు. కారణం నేనని వాళ్లకు తెలియదు.

దయచేసి ఈ హెచ్చరిక దాటేయకండి. ప్రతి తుపానూ ఎవరో ఒకరి తప్పు వల్ల వచ్చిందని ఈ పుస్తకం చెప్పడం లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాలను ముంచేసినప్పుడు కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఇంట్లోవాళ్లను పోగొట్టుకున్నవారి దగ్గర కూర్చుని "దేవుడు ఏదో చెబుతున్నాడు" అన్న మాటలు నేను విన్నాను. అవి అనకూడని మాటలు. యోనా వేలు తన వైపు చూపించుకున్నాడు, "నన్నుబట్టే ఇది వచ్చింది" అన్నాడు. పక్కవాళ్ల మీదికి చూపించడానికి మనకు అనుమతి లేదు. మీ ఇంట్లో జబ్బు గాని నష్టం గాని ఉంటే దాన్ని ఈ పేజీలో కలపకండి. మీ తప్పు వల్ల నేరుగా జరిగిందే రాయండి.

5. రెండో అధ్యాయం చదివి, అందులో లేనిదేమిటో చూడండి

చేప కడుపులో యోనా ప్రార్థన చాలా అందంగా ఉంటుంది. అగాధం, తలకు చుట్టుకున్న నాచు, పర్వతాల పునాదులు అన్నీ ఉన్నాయి. కృతజ్ఞత ఉంది, మొక్కుబళ్లు చెల్లిస్తాననే మాట ఉంది. "నేను పారిపోయాను, తప్పు చేశాను" అనే మాట మాత్రం లేదు. పెన్సిల్ పట్టుకుని వెతకండి, దొరకదు. నీనెవె పేరు కూడా రాదు.

మన ప్రార్థనలూ ఇంతే. "ప్రభువా, నన్ను ఈ టెన్షన్ నుంచి తప్పించు" అని ఏడుస్తాం. ఆ టెన్షన్ దేనివల్ల వచ్చిందో చెప్పం. అందుకే ఈ సాయంత్రం ప్రార్థన రాసి చేయండి. మూడు వాక్యాలు చాలు, ప్రతిదీ "నేను"తో మొదలవ్వాలి. "నేను అబద్ధం చెప్పాను. నేను గొలుసు దాచుకున్నాను. నేను అక్కను దొంగను చూసినట్టు చూశాను." "ఆవిడ కూడా" అనే మాట వస్తే కొట్టేయండి. కొత్త మొక్కులు మొక్కకండి. ఇది జరిగితే అది ఇస్తాను అనే బేరం ఇక్కడ వద్దు.

6. వెళ్లండి

మూడో అధ్యాయంలో వాక్కు రెండోసారి వస్తుంది. గమనించండి, పని మారలేదు. దేవుడు నీనెవెను దగ్గరికి జరపలేదు, తేలిక చేయలేదు. అలాగని యోనాను దెప్పిపొడవనూ లేదు.

రోజు పెట్టుకోండి, వారం దాటకుండా. మీరు ఎంచుకున్న మనిషికి ఆ తేదీ చెప్పండి. మనసు సిద్ధమయ్యాక వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్లరు. మత్తయి 21లో యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల్లో ఒకడు "పోను" అని, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. "పోతాను" అన్నవాడు వెళ్లలేదు. తండ్రి మాట చేసినవాడు మొదటివాడే.

చెప్పమన్నంతే చెప్పండి. నీనెవెలో యోనా ప్రకటన ఒక్క వాక్యం, నలభై రోజుల్లో పట్టణం నాశనమవుతుందని. మనం ఒప్పుకోలు చెప్పడానికి వెళ్లి ఉపన్యాసం మొదలుపెడతాం. నేను బస్సులో ఈ మాటలు బట్టీ పట్టాను: "అక్కా, గొలుసు అత్తయ్య మనిద్దరికీ ఇచ్చారు. నేను అబద్ధం చెప్పాను. ఇదిగో." "కానీ" అనే మాట నోటి దాకా వస్తుంది. మింగేయండి. "కానీ" తర్వాత వచ్చేదంతా ముందు చెప్పినదాన్ని చెరిపేస్తుంది. మీరు అప్పు తీర్చాల్సి ఉంటే డబ్బు తీసుకునే వెళ్లండి. మొత్తం లేకపోతే ఉన్నంత తీసుకెళ్లి, మిగతాది ఏ నెలలో ఎంతో కాగితం మీద రాసివ్వండి.

వెళ్లలేని పరిస్థితులు ఉంటాయి:

- ఆ మనిషి చనిపోయి ఉంటే, బాకీ పడింది వాళ్ల పిల్లలకు ఇవ్వండి. మాట బాకీ అయితే వాళ్ల పిల్లలతోనే చెప్పండి.
- దూరంగా, సూరత్‌లోనో చెన్నైలోనో పనికి పోయి ఉంటే ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, అది సగం తర్షీషు.
- తలుపు తీయకపోతే, ఒకసారి ఉత్తరం రాసి వదిలేయండి. వెంటపడొద్దు.
- మిమ్మల్ని కొట్టే మనిషి, హింసించే ఇల్లు అయితే అక్కడికి తిరిగి వెళ్లడం విధేయత కాదు. ఎవరైనా అలా చెప్పినా వినకండి. మహిళల సహాయ నంబర్ 181కి ఫోన్ చేయండి, నమ్మకమైనవాళ్ల దగ్గర ఉండండి.

7. మూడో అధ్యాయం దగ్గర ఆపేయకండి

చాలామంది మూడో అధ్యాయంతో పుస్తకం మూసేస్తారు. వెళ్లాడు, చెప్పాడు, ఊరు మారింది, అయిపోయింది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

అక్క ఆ రోజు ఏడ్చింది. గొలుసు తీసుకుని, నాకు అన్నం పెట్టి, బస్సు దాకా వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు గుండె మీద బండ దిగినట్టయింది. రెండు నెలల తర్వాత ఇంట్లో ఒక పెళ్లి. అక్క ఆ గొలుసు కరిగించి ఇద్దరి కూతుళ్లకూ సమానంగా గాజులు చేయించి తెచ్చింది. అందరూ "ఎంత పెద్ద మనసు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కష్టపడి వెళ్లింది నేను, పేరు ఆవిడకు. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పుడు నాలుగో అధ్యాయం చదివాను. నీనెవెకు వెళ్లిన తర్వాతే యోనా అసలు కారణం బయటపెడతాడు. భయపడి పారిపోలేదట. దేవుడు జాలిగలవాడని, వాళ్లను క్షమించేస్తాడని ముందే తెలుసు కాబట్టి పారిపోయాడు. అతని కోపం ఊరికే వచ్చింది కాదు, నీనెవె ఉన్న అష్షూరు రాజ్యం క్రూరత్వం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ తెలిసిందే. కొన్ని దశాబ్దాల తర్వాత, క్రీ.పూ. 722లో, ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును కూల్చింది వాళ్లే. ఇంత కారణం ఉన్నా దేవుడు అడిగినది ఒక్కటే: "నీవు కోపించుట న్యాయమా?"

ఈ మెట్టులో చేయాల్సినవి మూడు.

పందిరి దిగండి. యోనా ఊరి తూర్పున పందిరి వేసుకుని, ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. మీరు క్షమాపణ చెప్పిన మనిషి మారిందా, నలుగురికీ ఏం చెబుతోంది అని కనిపెట్టుకుని ఉండటం మానేయండి.

మీ సొరచెట్టు పేరు రాయండి. పట్టణం పోతుందంటే పట్టని మనిషి, తనకు నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చావాలనుకున్నాడు. మనిషి కన్నా మీకు ఎక్కువ బాధ కలిగించినది ఏది? నాది "నా మంచిపేరు".

చివరి వచనాన్ని చేత్తో రాసి, కింద సగం పేజీ ఖాళీ వదలండి. నూట ఇరవై వేలకు పైగా మనుషులు, బోలెడన్ని పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. యోనా ఏం చెప్పాడో పుస్తకంలో లేదు.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

వెళ్లి రావడం ఒక్కటే గుర్తు కాదు, యోనా కూడా వెళ్లాడు. నెల తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి. ఆ మనిషికి మేలు జరిగిందని వింటే మొదటి క్షణంలో లోపల ఏం కదిలింది? వాళ్ల పేరు పెట్టి, వాళ్ల మంచి కోసం ప్రార్థించగలుగుతున్నారా? జరిగింది ఎవరికైనా చెప్పేటప్పుడు మీ తప్పు చిన్నదిగా, మీ ధైర్యం పెద్దదిగా వస్తోందా? వాళ్లు తలుపు మూసేసి ఉంటే, వెళ్లినందుకు బాధపడేవారా?

ఒకదానికి జవాబు సరిగా రాకపోతే మొదటి నుంచి చేయక్కర్లేదు. ఏడో మెట్టుకు తిరిగి వెళ్లండి. నాకు నాలుగు నెలలు అక్కడే పట్టింది.

నోటుపుస్తకాన్ని దాచుకోండి. ఆ ఖాళీ సగం పేజీలో, సిద్ధమైన రోజున, ఒకే ఒక్క పేరు రాసి కింద తేదీ వేయండి. నేను అక్క పేరు రాసిన రోజు మా సంఘంలో కోత పండగ. ఆవిడ రాయగడ నుంచి పొద్దుటి బస్సుకే వచ్చి, నా పక్కనే చాప మీద కూర్చుని ఉంది.